మూసీ నీటి లవణీయత కొలతలో ఏడీసీ చిప్పు, లైనక్స్ డ్రైవరు: ముడి విలువ నుంచి సలహా వరకు

పరిచయం

సాగునీటి విద్యుత్ వాహకత, నేలలోని తేమ, ఉష్ణోగ్రత వంటి వాటిని పొలం వద్దనే నిరంతరం నమోదు చేసే చిన్న కేంద్రాలను నేడు విద్యార్థులు సైతం తమ ప్రాజెక్టు పనిలో భాగంగా అమర్చుకొంటున్నారు. రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న లైనక్స్ కంప్యూటరు, ఒక సెన్సరు, ఈ రెండింటినీ కలిపే అనలాగ్-డిజిటల్ కన్వర్టరు చిప్పు ఉంటే కేంద్రం సిద్ధమైనట్లే కనిపిస్తుంది. తెరపై అంకె కనబడగానే పని పూర్తయిందనుకోవడమూ సహజమే. అయితే ఆ అంకెకు, రైతుకు మనం చెప్పే సలహాకు మధ్య కొన్ని మెట్లు ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటి జారినా అంకె ఆగిపోదు. తప్పు అంకెగా మారి వస్తూనే ఉంటుంది.

అనలాగ్-డిజిటల్ కన్వర్టరును ఇకపై ఏడీసీ అని వ్యవహరిద్దాం. ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఏడీసీ చిప్పు కోసం ఉండే డ్రైవరును ఎలా వినియోగించుకోవాలి, అది ఏ పనికి బాధ్యత వహిస్తుంది, ఏ పనిని మనకు వదిలివేస్తుంది అన్న విషయాలను మూసీ నీటి లవణీయత కొలతను ఉదాహరణగా తీసుకొని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మూసీ ఒడ్డున ఈ కొలత ఎందుకు

వికారాబాద్ సమీపంలోని అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ, హైదరాబాద్ నగరం మధ్యగా ప్రవహించి, వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. నగరంలో దాని దక్షిణపు ఒడ్డున ఉన్నది పాతబస్తీ. 1578లో కట్టిన పురానాపూల్, హైకోర్టు, సాలార్‌జంగ్ మ్యూజియం అన్నీ ఈ నది అంచుననే ఉన్నాయి. 1908 సెప్టెంబరులో వచ్చిన మహావరద తరువాత ఎగువన మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, దాని ఉపనది ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. రాజేంద్రనగర్‌లోని మన విశ్వవిద్యాలయ ప్రాంగణానికి హిమాయత్‌సాగర్ చేరువలోనే ఉంది. ఈ రెండు జలాశయాలు ఎగువ నీటిని నిలిపివేయడంతో, వానలు లేని కాలంలో పాతబస్తీ పక్కన ప్రవహించేది చాలావరకు నగరం విడిచిన వాడుక నీరే.

ఆ నీరు వృథాగా పోవడం లేదు. నగరం లోపలా, శివార్లలోనూ మూసీ ఒడ్డు పొలాలలో పాడి పశువుల కోసం పారా గడ్డి పెంచుతారు, ఆకుకూరలూ పండిస్తారు. దిగువన యాదాద్రి భువనగిరి, నల్లగొండ జిల్లాల వైపు ఈ నీటితోనే వరి సాగవుతున్నది. వాడుక నీటిలో పోషకాలతో పాటు కరిగిన లవణాలు కూడా ఉంటాయి. పారా గడ్డి లవణీయతను కొంతమేరకు ఓర్చుకొంటుంది. వరి అంతగా ఓర్చుకోదు. కాబట్టి ఏ పొలానికి ఏ పంట తగునో చెప్పడానికి ముందు నీటి విద్యుత్ వాహకత తెలియాలి.

దీనికి కొలబద్దగా ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1985లో సవరించి వెలువరించిన 29వ పత్రం నేటికీ విస్తృతంగా వాడుకలో ఉంది. దాని ప్రకారం నీటి వాహకత మీటరుకు 0.7 డెసీసీమెన్‌ల లోపు ఉంటే లవణీయత దృష్ట్యా వాడకానికి ఆంక్ష లేదు. 0.7 నుంచి 3.0 వరకు స్వల్పం నుంచి మధ్యస్థం వరకు ఆంక్ష ఉంటుంది. 3.0 దాటితే తీవ్రమైన ఆంక్ష. వరి విషయంలో సాగునీటి వాహకత 2.0 వరకు దిగుబడి తగ్గదనీ, 2.6కు చేరితే దాదాపు 10 శాతం తగ్గవచ్చనీ అదే పత్రం పేర్కొంటుంది. 0.7, 2.0, 2.6, 3.0 అనే ఈ నాలుగు అంకెలను గుర్తుంచుకొంటే ముందు చెప్పబోయే విషయం తేలికగా బోధపడుతుంది.

పరికరాల అమరిక

ఉదాహరణకు తీసుకొన్న అమరిక ఇది. నీటిలో ఉండే వాహకత ప్రోబుకు ఒక ట్రాన్స్‌మిటరు జతచేసి ఉంటుంది. అది 0 నుంచి 5 డెసీసీమెన్‌ల వాహకతను 4 నుంచి 20 మిల్లీయాంపియర్ల విద్యుత్ ప్రవాహంగా మార్చి పంపుతుంది. ఈ ప్రవాహం 150 ఓముల రెసిస్టరు గుండా వెళ్లినప్పుడు దాని రెండు కొనల మధ్య 0.6 నుంచి 3.0 వోల్టుల వోల్టేజీ ఏర్పడుతుంది. ఈ వోల్టేజీనే ఏడీసీ కొలుస్తుంది.

ప్రోబుకు నేరుగా ఏకముఖ విద్యుత్తు ఇచ్చి కొలిచే ప్రయత్నం చేయరాదు. ఎలక్ట్రోడుల వద్ద ధ్రువణం ఏర్పడి విలువ క్రమంగా మారిపోతుంది, లోహమూ క్షయమవుతుంది. అందుకే వాహకత ప్రోబును ఏకాంతర విద్యుత్తుతో నడపాలి. ఆ పనిని ట్రాన్స్‌మిటరు చేస్తుంది. దీనివల్ల మరొక ప్రయోజనమూ ఉంది. 4-20 మిల్లీయాంపియర్ల సంకేతం పొడవైన తీగలో కూడా విలువ కోల్పోదు. కంప్యూటరును, చిప్పును కలిపే ఐ2సీ తీగలు మాత్రం ఒకే పెట్టెలో ఇమిడేంత పొట్టిగా ఉండాలి. కాబట్టి ప్రోబు నదిలో ఉన్నా, పెట్టెను వరద మట్టానికి పైన, ఎత్తైన చోట ఉంచవచ్చు. 2020 అక్టోబరు వానలకు పాతబస్తీలో ఎన్ని కాలనీలు నీట మునిగాయో చూసినవారికి ఈ జాగ్రత్త గురించి వేరే చెప్పనక్కరలేదు.

రాస్ప్‌బెర్రీ పైకి అనలాగ్ వోల్టేజీని కొలిచే సదుపాయం లేదు. అందుకని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తయారీ అయిన ఏడీఎస్1115 చిప్పును ఎంచుకొన్నాం. ఇది 16 బిట్ల ఏడీసీ. దీనికి నాలుగు ఇన్‌పుట్లు ఉన్నాయి. కొలత పరిధిని ±6.144, ±4.096, ±2.048, ±1.024, ±0.512, ±0.256 వోల్టులలో దేనికైనా అమర్చుకోవచ్చు. సెకనుకు తీసే నమూనాల సంఖ్యను 8 నుంచి 860 వరకు ఎనిమిది మెట్లలో మార్చుకోవచ్చు. మన సంకేతం 3.0 వోల్టుల వరకు వెళుతుంది కాబట్టి ±4.096 వోల్టుల పరిధి తగినది.

ఇక్కడ రెండు హెచ్చరికలు. మొదటిది, పరిధి 4.096 వోల్టులని అమర్చినంత మాత్రాన చిప్పుకు 4 వోల్టులు ఇవ్వవచ్చని కాదు. చిప్పుకు అందే సరఫరా 3.3 వోల్టులైతే ఇన్‌పుట్ వోల్టేజీ దానికి 0.3 వోల్టులకు మించి పైకి పోరాదు. రెండవది, ట్రాన్స్‌మిటరుకు సాధారణంగా 24 వోల్టుల సరఫరా ఇస్తారు. 150 ఓముల రెసిస్టరు తెగిపోతే ఆ 24 వోల్టులు చిప్పు మీద పడతాయి. ఏడీసీ ఇన్‌పుట్‌కు ముందు 4.7 కిలోఓముల రెసిస్టరును వరుసలో కలిపితే చిప్పులోకి పోయే ప్రవాహం 5 మిల్లీయాంపియర్ల లోపే ఉంటుంది; చిప్పు తట్టుకోగల గరిష్ఠ పరిమితి 10. చిప్పు ఇన్‌పుట్ నిరోధం కొన్ని మెగాఓములు ఉన్నందున ఈ అదనపు రెసిస్టరు వల్ల కొలతలో వచ్చే తగ్గుదల 0.1 శాతం లోపే.

డ్రైవరు చేసే పని

చిప్పులో కొన్ని రిజిస్టర్లు ఉంటాయి. ఏ ఇన్‌పుట్‌ను కొలవాలి, ఏ పరిధిలో, ఎంత వేగంతో అన్న ఆదేశాలను ఒక రిజిస్టరులో రాయాలి. ఫలితాన్ని మరొక రిజిస్టరు నుంచి చదవాలి. ఈ పనిని మన ప్రోగ్రాములోనే నేరుగా చేయవచ్చు. ఆ విధంగా చేసే పైథాన్ లైబ్రరీలు ఎన్నో ఉన్నాయి. తరగతి గదిలో చిప్పు పనితీరు నేర్చుకోవడానికి ఆ పద్ధతి మంచిదే. నెలల తరబడి పనిచేయవలసిన క్షేత్ర కేంద్రానికి మాత్రం కెర్నలు డ్రైవరు మేలు.

లైనక్స్‌లో ఇటువంటి చిప్పుల కోసం ఐఐఓ అని క్లుప్తంగా పిలిచే ఇండస్ట్రియల్ ఐ/ఓ ఉపవ్యవస్థ ఉంది. జొనాథన్ కామెరాన్ ప్రారంభించిన ఈ ఉపవ్యవస్థ 2009లో కెర్నలు ప్రయోగాత్మక విభాగంలో చేరింది. ఏడీఎస్1015, ఏడీఎస్1115 చిప్పులకు ఐఐఓ డ్రైవరు 2016లో వచ్చింది. ఏ సంస్థ తయారుచేసిన ఏడీసీ అయినా ప్రోగ్రాముకు ఒకే విధంగా కనబడేటట్లు చేయడం ఐఐఓ ప్రధాన ప్రయోజనం. ప్రతి చానెలు ఫైళ్ల రూపంలో దర్శనమిస్తుంది. పేరు చివర ‘రా’ అని ఉన్న ఫైలు చిప్పు ఇచ్చిన ముడి విలువను, ‘స్కేల్’ అని ఉన్న ఫైలు దానిని గుణించవలసిన సంఖ్యను ఇస్తాయి. వోల్టేజీ చానెలుకు ముడి విలువను స్కేలుతో గుణిస్తే వచ్చేది మిల్లీవోల్టులు. కొన్ని చిప్పులకు ‘ఆఫ్‌సెట్’ అనే ఫైలు కూడా ఉంటుంది. అప్పుడు ముందుగా ముడి విలువకు ఆఫ్‌సెట్‌ను కలిపి, ఆ మొత్తాన్ని స్కేలుతో గుణించాలి.

చిప్పును కెర్నలుకు పరిచయం చేయడం

ఐ2సీ తీగలపై ఉన్న చిప్పు తనంతట తాను కెర్నలుకు తెలియదు. ఏ చిరునామాలో ఏ చిప్పు ఉన్నదో డివైస్ ట్రీ అనే వివరణ ద్వారా మనమే తెలపాలి. ఏడీఎస్1115 చిరునామా దాని అడ్రస్ పిన్నును ఎక్కడ కలిపామన్నదానిపై ఆధారపడి హెక్సాడెసిమల్ 48 నుంచి 4బి వరకు ఉంటుంది. గ్రౌండుకు కలిపితే 48. రాస్ప్‌బెర్రీ పైలో ఇందుకోసం సిద్ధంగా ఉన్న ఓవర్లేను కాన్ఫిగరేషన్ ఫైలులో ఒక వరుసగా చేర్చితే చాలు. కొలవవలసిన చానెలు, గెయిన్, వేగం అదే వరుసలో పేర్కొనవచ్చు.

ఈ దశలో తికమకకు తావిచ్చే విషయాలు మూడు ఉన్నాయి.

1. చానెలు సంఖ్యలు. డివైస్ ట్రీలో 0 నుంచి 3 వరకు రెండు ఇన్‌పుట్ల మధ్య తేడాను కొలిచే చానెళ్లు. 4 నుంచి 7 వరకు ఒక్కొక్క ఇన్‌పుట్‌ను గ్రౌండుతో పోల్చి కొలిచే చానెళ్లు. మొదటి ఇన్‌పుట్‌ను గ్రౌండుతో పోల్చే కొలత అక్కడ 4వ చానెలు కాగా, ఐఐఓ ఫైళ్లలో అదే వోల్టేజ్0 అన్న పేరుతో కనిపిస్తుంది.

2. గెయిన్ సంఖ్యలు. గెయిన్ 0 అంటే ±6.144 వోల్టులు, 1 అంటే ±4.096, 2 అంటే ±2.048, ఇలా 5 వరకు. ఏమీ పేర్కొనకపోతే డ్రైవరు 2ను, అనగా ±2.048 వోల్టులను తీసుకొంటుంది.

3. పరికరం వరుస సంఖ్య. ఒకటికి మించి ఐఐఓ పరికరాలు ఉన్నప్పుడు వాటి వరుస సంఖ్యలు కంప్యూటరు తిరిగి మొదలైనప్పుడు మారవచ్చు. ప్రోగ్రాము వరుస సంఖ్యను నమ్ముకోకుండా, పరికరం పేరును, ఐ2సీ చిరునామాను చూసి గుర్తించాలి.

డ్రైవరు చిప్పును స్వాధీనం చేసుకొన్న తరువాత ఐ2సీ-డిటెక్ట్ ఆదేశం ఆ చిరునామా వద్ద 48కి బదులు ‘యూయూ’ అన్న రెండు అక్షరాలను చూపుతుంది. దీనిని చూసి చిప్పు పాడైందని భావించే విద్యార్థులు ఉన్నారు. నిజానికి చిప్పు డ్రైవరు అధీనంలో ఉన్నదనడానికి అదే గుర్తు. ఆ స్థితిలో మరొక ప్రోగ్రాము అదే చిప్పు రిజిస్టర్లను బలవంతంగా మార్చితే డ్రైవరుకు ఆ సంగతి తెలియదు. ఒక చిప్పుకు ఒకే యజమాని ఉండాలి.

ఒకే ముడి విలువ, రెండు అర్థాలు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ±4.096 వోల్టుల పరిధిలో ఏడీఎస్1115 ఒక్కొక్క మెట్టు 0.125 మిల్లీవోల్టులు, ±2.048 వోల్టుల పరిధిలో 0.0625 మిల్లీవోల్టులు. స్కేలు ఫైలులో కనిపించేవి ఈ సంఖ్యలే.

ఒక కేంద్రాన్ని మొదట ±2.048 వోల్టుల పరిధిలో నడిపారనుకొందాం. ప్రోగ్రాము రాసినవారు స్కేలు ఫైలును చదవకుండా 0.0625 అన్న సంఖ్యను సూత్రంలో స్థిరంగా రాశారు. కొంతకాలానికి 2.048 వోల్టులకు పైబడిన సంకేతం అందడం లేదని మరొకరు గమనించి, డివైస్ ట్రీలో పరిధిని ±4.096కు మార్చారు. మార్పు సరియైనదే. కాని సూత్రంలోని సంఖ్య అలాగే ఉండిపోయింది. ఫలితం ఎలా ఉంటుందో పట్టిక 1లో చూడవచ్చు. వాహకత విలువలన్నీ మీటరుకు డెసీసీమెన్‌లలో.

పట్టిక 1. సరియైన స్కేలు, తప్పు స్కేలు ఇచ్చే వాహకత విలువలు

| నీటి నిజ వాహకత | ప్రవాహం, మిల్లీయాంపియర్లు | ముడి విలువ | 0.125 స్కేలుతో | 0.0625 స్కేలుతో |
|---|---|---|---|---|
| 0 (గాలిలో పొడి ప్రోబు) | 4.00 | 4800 | 0.00 | −0.63 |
| 0.70 | 6.24 | 7488 | 0.70 | −0.28 |
| 1.25 | 8.00 | 9600 | 1.25 | 0.00 |
| 2.00 | 10.40 | 12480 | 2.00 | 0.38 |
| 2.60 | 12.32 | 14784 | 2.60 | 0.68 |
| 3.00 | 13.60 | 16320 | 3.00 | 0.88 |
| 5.00 | 20.00 | 24000 | 5.00 | 1.88 |

వాహకత 2.6 ఉన్న నీటికి ముడి విలువ 14784. దీనిని 0.125తో గుణిస్తే 1848 మిల్లీవోల్టులు, 150 ఓములతో భాగిస్తే 12.32 మిల్లీయాంపియర్లు, దాని నుంచి వాహకత 2.6 వస్తుంది. అదే ముడి విలువను 0.0625తో గుణిస్తే 924 మిల్లీవోల్టులు, 6.16 మిల్లీయాంపియర్లు, వాహకత 0.68 వస్తుంది. వరి దిగుబడిని దాదాపు పదో వంతు తగ్గించగల నీరు ‘ఆంక్ష లేదు’ అన్న తరగతిలో చేరిపోయింది.

పట్టికలో మరింత శ్రద్ధగా చూడవలసిన విషయం ఒకటి ఉంది. వాహకత 1.25 కంటే తక్కువ ఉన్న నీటికి ఈ తప్పు రుణ సంఖ్యను చూపుతుంది. వాహకత రుణం కాజాలదు కాబట్టి ఎవరైనా వెంటనే అనుమానిస్తారు. నీరు 1.25 దాటి ఉప్పగా మారేకొద్దీ అంకె సహజంగా, నమ్మదగినదిగా కనబడుతుంది. 1.25 నుంచి సుమారు 2.65 వరకు ఉన్న నీరంతా 0 నుంచి 0.7 మధ్య, అంటే మంచి నీటి తరగతిలో కనిపిస్తుంది. మంచి నీటి దగ్గర బయటపడే తప్పు, జాగ్రత్తపడవలసిన నీటి దగ్గర దాగిపోతుందన్నమాట. శుభ్రమైన కుళాయి నీటితో ప్రయోగశాలలో ఒకసారి సరిచూసి, ఆ తరువాత అమరికను మార్చి, మళ్లీ సరిచూడకుండా మూసీ ఒడ్డుకు తీసుకుపోయిన పరికరం ఈ విధంగానే మోసగించగలదు.

దీనికి నివారణ చిన్నది. స్కేలును ప్రోగ్రాములో రాయరాదు. ముడి విలువను చదివిన ప్రతిసారీ స్కేలు ఫైలును కూడా చదివి గుణించాలి. డ్రైవరు ఆ సంఖ్యను ఇస్తున్నదే అందుకు. పరిధి మారినప్పుడు స్కేలు ఫైలు కూడా దానంతట అదే మారుతుంది.

పరిధిని తగ్గించినప్పుడు

పై తప్పుకు ఎదురు తప్పు కూడా ఉంది. పరిధి ±2.048 వోల్టులుగా ఉండి, సంకేతం 3 వోల్టులకు పోతే ఏమవుతుంది? చిప్పు తన గరిష్ఠ విలువ 32767 వద్ద నిలిచిపోతుంది. డ్రైవరు దానిని దోషంగా ప్రకటించదు. సాధారణ విలువగానే అందిస్తుంది. దాని నుంచి లెక్కకట్టిన వాహకత 3.02. నీటి వాహకత 3.1 అయినా, 4.5 అయినా గ్రాఫులో 3.02 వద్ద చదునైన గీతే కనిపిస్తుంది. తీవ్ర ఆంక్ష మొదలయ్యే హద్దు దగ్గరే గీత ఆగిపోవడం వల్ల ‘నీరు హద్దు మీద స్థిరంగా ఉంది’ అన్న పొరపాటు అభిప్రాయం కలుగుతుంది. ముడి విలువ 32767 వచ్చినప్పుడల్లా దానిని కొలతగా కాక, ‘పరిధి దాటినది’ అని నమోదు చేయాలి.

కేంద్రం నడుస్తుండగానే స్కేలు ఫైలులో కొత్త సంఖ్య రాసి పరిధిని మార్చే వీలు కూడా ఉంది. కాని ఆ మార్పు కంప్యూటరు నడుస్తున్నంతసేపే నిలుస్తుంది. కరెంటు పోయి వచ్చిన తరువాత పరిధి డివైస్ ట్రీలో ఉన్నదానికే, అందులో ఏమీ లేకపోతే ±2.048 వోల్టులకు తిరిగి వెళ్తుంది. శాశ్వతంగా ఉండవలసిన అమరికను డివైస్ ట్రీలోనే పేర్కొనాలి.

చానెళ్లు మారేటప్పుడు వేచి ఉండటం

నాలుగు ఇన్‌పుట్లు ఉన్నా చిప్పు లోపల కన్వర్టరు ఒక్కటే. ఒక ఇన్‌పుట్ నుంచి మరొకదానికి మారినప్పుడు కొత్త ఫలితం సిద్ధమయ్యేవరకు రిజిస్టరులో పాత ఇన్‌పుట్ ఫలితమే ఉంటుంది. మొదటి ఇన్‌పుట్‌కు వాహకతను, రెండవదానికి నీటి ఉష్ణోగ్రతను కలిపామనుకొందాం. సెకనుకు 8 నమూనాల వేగంలో ఒక్కొక్క కొలతకు 125 మిల్లీసెకన్లు పడుతుంది. సొంతంగా రాసిన ప్రోగ్రాము 100 మిల్లీసెకన్లే వేచి ఉండి చదివితే ఉష్ణోగ్రత గడిలో వాహకత, వాహకత గడిలో ఉష్ణోగ్రత చేరవచ్చు.

డ్రైవరు ఈ బాధ్యతను తనపై వేసుకొంటుంది. అమరిక మారినప్పుడు పాత వేగంలో ఒక కొలతకు, కొత్త వేగంలో ఒక కొలతకు పట్టే కాలాన్ని కలిపి, చిప్పు లోపలి గడియారంలో ఉండగల తేడా కోసం మరో 10 శాతం చేర్చి, అంతసేపు ఆగుతుంది. పై ఉదాహరణలో అది 275 మిల్లీసెకన్లు. రెండు ప్రోగ్రాములు ఒకేసారి చదవబోతే ఒకదాని తరువాత మరొకదానికి అవకాశమిస్తుంది. కొంతసేపు ఎవరూ చదవకపోతే చిప్పును నిద్రపుచ్చి, మళ్లీ లేపినప్పుడు తొలి ఫలితం సిద్ధమయ్యేవరకు ఆగుతుంది. ఇవేవీ మన ప్రోగ్రాములో రాయనక్కరలేదు. కెర్నలు డ్రైవరును ఎంచుకోవడానికి ఇదే బలమైన కారణం.

16 బిట్లు అంటే అంత కచ్చితత్వమా?

±4.096 వోల్టుల పరిధిలో చిప్పు ఒక మెట్టు మన అమరికలో 0.00026 డెసీసీమెన్‌లకు సమానం. తెరపై నాలుగు దశాంశ స్థానాలు చూపించాలన్న ఆశ కలుగుతుంది. కాని 150 ఓముల రెసిస్టరులో 1 శాతం తేడా ఉంటే వాహకత 1.5 వద్దనే దోషం సుమారు 0.03 డెసీసీమెన్‌లు. అది చిప్పు మెట్టుకు వంద రెట్లకు పైగా ఎక్కువ. కొలత గొలుసులో అన్నిటికంటే బలహీనమైన లంకె ఎక్కడున్నదో చూడాలి. బిట్ల సంఖ్యను చూసి మురిసిపోరాదు. రెసిస్టరు విలువను మంచి మల్టీమీటరుతో కొలిచి, ఆ విలువనే సూత్రంలో వాడటం ఎంతో మేలు.

ఉష్ణోగ్రత ప్రభావం ఇంతకంటే పెద్దది. నీటి వాహకత ప్రతి డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 2 శాతం పెరుగుతుంది. ప్రమాణాలన్నీ 25 డిగ్రీల వద్ద చెప్పినవి. 25 డిగ్రీల వద్ద 1.5 ఉన్న నీరు 35 డిగ్రీల వద్ద సవరణ లేకుండా 1.8గా కనబడుతుంది. చాలా ట్రాన్స్‌మిటర్లు ఈ సవరణను తామే చేస్తాయి. అటువంటప్పుడు ప్రోగ్రాములో మళ్లీ సవరిస్తే అదే ఉష్ణోగ్రత వద్ద 1.25గా చూపుతుంది. కొనేముందే ఈ వివరాన్ని తయారీదారు పత్రంలో చూసుకోవాలి. ఇక ప్రోబుపై పేరుకొనే జిగురు పొర సంగతి డ్రైవరుకూ తెలియదు, ట్రాన్స్‌మిటరుకూ తెలియదు. వాడుక నీటిలో ఉంచిన ప్రోబును తరచుగా బయటకు తీసి శుభ్రపరచడం తప్పనిసరి.

క్షేత్రానికి ముందు నాలుగు పరీక్షలు

1. పొడి ప్రోబు పరీక్ష. ప్రోబును తుడిచి గాలిలో ఉంచాలి. ముడి విలువ 4800 పరిసరాల్లోను, వాహకత సున్నాకు దగ్గరగాను ఉండాలి. వాహకత రుణ సంఖ్యగా −0.63 వస్తే స్కేలు తప్పిందన్నమాట. ముడి విలువే 9600 అయితే పరిధి ±2.048 వోల్టులుగా ఉందని అర్థం.

2. ప్రమాణ ద్రావణ పరీక్ష. లీటరుకు 0.01 మోల్ పొటాషియం క్లోరైడ్ ద్రావణం వాహకత 25 డిగ్రీల వద్ద 1.413 డెసీసీమెన్‌లు. ముడి విలువ సుమారు 10226 రావాలి. కొద్ది తేడా ఉంటే రెసిస్టరు, ప్రోబు స్థిరాంకం కారణం కావచ్చు. దానిని క్రమాంకనంతో సరిచేయాలి. సగానికి సగం తేడా ఉంటే అది క్రమాంకనంతో కప్పిపుచ్చవలసిన దోషం కాదు, వెతికి పట్టవలసిన పొరపాటు.

3. తీగ తెంపు పరీక్ష. ట్రాన్స్‌మిటరు తీగను ఒకసారి విప్పి చూడాలి. ప్రవాహం 3.6 మిల్లీయాంపియర్లకు, అనగా ముడి విలువ 4320కు తగ్గినప్పుడు ప్రోగ్రాము దానిని ‘లవణాలు లేని నీరు’ అని కాక ‘తీగ దోషం’ అని నమోదు చేయాలి. 4-20 పద్ధతిలో సున్నాకు బదులు 4 నుంచి మొదలుపెట్టడంలోని ప్రయోజనం ఇదే.

4. చిప్పు గుర్తింపు పరీక్ష. ఏడీఎస్1115 అన్న పేరుతో బజారులో దొరికే కొన్ని మాడ్యూళ్లలో 12 బిట్ల ఏడీఎస్1015 చిప్పు ఉండటం కద్దు. అటువంటి చిప్పును 1115గా పరిచయం చేస్తే ముడి విలువలన్నీ 16తో నిశ్శేషంగా భాగించబడతాయి. వరుసగా యాభై విలువలు తీసుకొని చూస్తే సంగతి తేలిపోతుంది.

ఈ నాలుగు పరీక్షలకు ఒక గంట చాలు. అమరికలో ఏ మార్పు చేసినా, ఎంత చిన్నదైనా, మొదటి రెండు పరీక్షలను తిరిగి జరపాలి.

నమోదులో ఏమేమి ఉండాలి

చాలా కేంద్రాలలో చివరి ఫలితమైన వాహకతను మాత్రమే భద్రపరుస్తారు. తరువాత ఎప్పుడో స్కేలు తప్పిందని తెలిసినా, ఏ తేదీ నుంచి తప్పిందో తెలియక ఋతువు మొత్తం సేకరించిన సమాచారాన్ని పక్కన పెట్టవలసి వస్తుంది. ప్రతి కొలతకు కాలం, ముడి విలువ, స్కేలు, నీటి ఉష్ణోగ్రత, లెక్కించిన వాహకత అనే ఐదింటిని నమోదు చేయాలి. రెసిస్టరు విలువ, డివైస్ ట్రీలోని గెయిన్, కెర్నలు వెర్షను, ప్రమాణ ద్రావణ పరీక్ష తేదీ వంటి వాటిని ఒక ప్రత్యేక పత్రంలో ఉంచాలి. ముడి విలువ ఉన్నంతవరకు వాహకతను ఎప్పుడైనా తిరిగి లెక్కించవచ్చు. ముడి విలువ లేని సమాచారాన్ని సరిదిద్దడం కష్టం. సిద్ధాంత వ్యాసం పరీక్షకులు ‘ఈ అంకె ఎలా వచ్చింది?’ అని అడిగినప్పుడు విద్యార్థి చూపగల ఆధారమూ అదే.

ముగింపు

డ్రైవరు చిప్పుతో మాట్లాడుతుంది, సరియైన సమయం వరకు ఆగుతుంది, ముడి విలువను, దాని స్కేలును నిజాయితీగా అందిస్తుంది. అక్కడితో దాని బాధ్యత ముగుస్తుంది. వోల్టేజీ ఏ ప్రవాహానికి గుర్తు, ఆ ప్రవాహం ఏ వాహకతకు గుర్తు, ఆ వాహకత ఏ పంటకు ఏమి చేస్తుంది అన్న మిగతా మెట్లన్నీ మనవే. స్కేలును ప్రతిసారీ డ్రైవరును అడిగి తెలుసుకోవడం, గరిష్ఠ విలువను కొలతగా భావించకపోవడం, ప్రమాణ ద్రావణంతో సరిచూడటం, ముడి విలువను భద్రపరచడం అన్న నాలుగు అలవాట్లు ఈ మెట్లను పదిలంగా దాటిస్తాయి. నేల తేమ, లైసీమీటరు తూకం, సౌర వికిరణం వంటి ఏ కొలతకైనా ఇవే అలవాట్లు వర్తిస్తాయి.

మూసీ నీటితో వరి నాటాలా, పారా గడ్డి వేయాలా అని అడిగే రైతుకు స్కేలు ఫైలుతో పనిలేదు. ఆయనకు కావలసింది మన మాట. ఆ మాట వెనుక ఉన్న 2.6 నిజంగా 2.6 అయి ఉండేటట్లు చూడటం పరికరాన్ని అమర్చిన విద్యార్థి, సలహా ఇచ్చే విస్తరణ శాస్త్రవేత్త కలిసి నిర్వర్తించవలసిన బాధ్యత.